చెంప వెనక నిప్పు

అనకాపల్లి బస్టాండులో నక్కపల్లి బస్సు కోసం కూర్చున్నాం, నేనూ నా ఐదేళ్ల కూతురూ. సాయంకాలపు ఎండ బెల్లం రంగుకి తిరిగింది. పిల్లకి మోచేతి కింద దోమ కుట్టింది. గోకి గోకి నెత్తురు తెచ్చుకుంది. రాసే మందు హైదరాబాదులో ఇంట్లోనే మరిచిపోయాను. ఎంత ఊదినా ఏడుపు ఆపదు.

పక్కన ఖాళీ చేపల గంపతో ఒక ముసలామె కూర్చుంది.

"ఏటి, దోమ కుట్టీసిందా? గోక్కోకమ్మా, పుండైపోద్ది" అంది.

ఆమె పెదాల మధ్య చుట్ట ఉంది. వెలిగే కొస మాత్రం కనబడలేదు. నిప్పున్న వైపే నోట్లో పెట్టుకుందని అప్పుడు తెలిసింది.

"రివర్సులో పెట్టుకున్నావేం అమ్మమ్మా?" ఏడుస్తూనే అడిగింది పిల్ల.

"బైటుంటే మా ఊరి సముద్రం గాలి ఆర్పేత్తాది. మరి దాసుకోవద్దా? ఇలాగియ్యి సెయ్యి."

దోమ కుట్టిన చోటుని తన చెంపకి ఆనించుకుంది. ఆ చెంప వెనకే నిప్పు. ఆపుదామని లేచినదాన్ని, ఆగిపోయాను. పిల్ల ఏడుపు సన్నగిల్లింది, రెప్పలు వాలాయి. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. మా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. చూస్తూ కూర్చున్నానే గానీ వాళ్లిద్దరినీ కదపబుద్ధి కాలేదు.

మొన్న ఇంట్లో పిల్లని మళ్లీ దోమ కుట్టింది. మందు తీస్తుంటే వద్దని, వచ్చి చేతిని నా చెంపకి ఆనించింది. కళ్లు మూసుకుని కాసేపు ఎదురుచూసింది. తర్వాత నా వైపు జాలిగా చూసింది.

"నీది చల్లగా ఉందమ్మా."