ఒకే పోస్టు పెట్టె కుటుంబం

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే ఈ జన్మలో మళ్లీ బిర్యానీ ముట్టను.

మాస్కులు కట్టుకు తిరిగిన ఆ రోజుల్లో మనిషికి మనిషి దూరంగా ఉండాలని గోడలు కూడా బోధించేవి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీవాళ్లం మాత్రం ఒకే కుక్కర్ చుట్టూ చేరేవాళ్లం. (నాకు నలభై దాటినా గల్ఫ్‌కి కొత్త, అంటే కుర్రాడినే.) ఊళ్లో బిడ్డకు ఆన్‌లైన్ క్లాసులకు ట్యాబ్ కావాల్సి వచ్చింది. నా దగ్గర సగం డబ్బే ఉంది. మిగతాది ఆ కుక్కర్ దగ్గర గరిటె తిప్పే మా డ్రైవర్ ఖాన్ భాయ్, పెషావర్ వెళ్లడానికి దాచుకున్న టికెట్ డబ్బులోంచి తీసిచ్చాడు. ట్యాబ్ డబ్బా మీది బార్‌కోడ్ కత్తిరించి, బిల్లుతో పోస్టులో పంపితే ట్యాబ్ కంపెనీవాళ్లు ధరలో కొంత వెనక్కిస్తారట. అది రాగానే ఆయన టికెట్ కొనాలి. ట్యాబ్‌ను ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి, అట్టముక్క పోస్టు చేశాను.

జవాబొచ్చింది: ‘ఒక కుటుంబానికి ఒక్కసారే. మీ చిరునామాకు ఇదివరకే చెల్లించాం.’ ఇక్కడ ఇంటింటికీ పోస్టు రాదు, గ్యారేజీ మొత్తానికి ఒకటే పెట్టె నంబరు. మా మలబారు వెల్డర్ అదే ట్యాబ్ కొని నాకంటే ముందే పంపేశాడు. ఆ లెక్కన మేమంతా ఒకే తల్లి బిడ్డలం!

“మొఖాలు సూపిస్తే అయిపాయె గద బావా, యల్లా, నడువ్!” అన్నాడు పక్క మంచం బావ. వెల్డర్‌నూ ఖాన్ భాయ్‌నీ సాక్ష్యానికి వెంటేసుకుని రోలా బజారులోని ఆ కంపెనీ ఆఫీసుకు బయల్దేరాను. దారిలో ఇసుక తుఫాను మా పికప్‌ను అమాంతం ఎత్తి సరిగ్గా ఆఫీసు ముందు దించింది.

అద్దం వెనక విజయవాడ అమ్మాయి. “అడ్రసు ఒకటే కదండీ అంకుల్! వీళ్లు మీ ఇంటివాళ్లు కాదంటారా?”

“ఎట్లయితరమ్మా? నాది జగిత్యాల, ఈయనది మలబారు, ఆయనది పెషావర్. మాస్కులు తీసి ముక్కులు సూపియ్యాల్నా?”

ఆమె ఖాన్ భాయ్ వైపు తిరిగి, నేను ఆయనకేమవుతానని హిందీలో అడిగింది. ‘ఏమీ కాడు’ అనమని దారంతా నేర్పించుకొచ్చాను. ఆయన నా భుజం చుట్టూ చెయ్యేసి, ఛాతీ పొంగించి, “సగా భాయ్ హై మేరా!” అన్నాడు. సొంత తమ్ముణ్ణట!

ఆ అమ్మాయి పడీపడీ నవ్వి, “ఇలాంటి కుటుంబానికి రెండుసార్లిచ్చినా తప్పులేదండీ” అని ముద్ర కొట్టింది. ఖాన్ భాయ్ టికెట్ కొన్నాం.

అంతా నిజమే, ఇసుక తుఫానుతో సహా. ఆ ముద్రా, ఆ టికెట్టూ మాత్రమే నా కల్పన. నిజానికి ఆమె నవ్వి, “ఆయనే ఒప్పుకున్నారుగా, సారీ అంకుల్” అంది. బయట నేను తల పట్టుకుంటే ఖాన్ భాయ్, “ఖలాస్, ఛోడో. బచ్చీ పఢ్ రహీ హై నా?” అన్నాడు. అయిపోయింది వదిలెయ్, బిడ్డ చదువుతోందిగా, అదే చాలట. ఆ ఏడాది ఆయన ఊరెళ్లలేదు. బిడ్డ ఇప్పుడు కాలేజీకొచ్చింది. ఒక్క కుటుంబమేనా అని ఇవాళ ఎవరైనా అడిగితే ముందు నేనే సంతకం పెడతాను.

ఒట్టు ప్రకారం బిర్యానీ మానేయాల్సిందే. అదృష్టం, మా అన్న వండేది పులావ్.