సినిమా కెప్టెన్ నేర్పిన రష్యన్

మొన్న మా చెల్లెలి కూతురు వీడియో క్యాసెట్టు పెట్టుకుని, అందులో సూటు వేసుకున్న మగాడెవడో ఒక ముక్క అనగానే ఆపి, వెనక్కి తిప్పి, "సోనో అర్రివాతో, సోనో అర్రివాతో" అని అద్దం ముందు వల్లిస్తూంటే కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి చూశాను. ఇటాలియన్ అట. వ్యాకరణం సగం అయిపోయిందట, ఇక సినిమాలు చూస్తేనే నోరు తిరుగుతుందని క్లాసులో చెప్పారట. దాని అర్థమేమిటే అంటే, "వచ్చాను అని, దొడ్డమ్మా" అంది. ఆడవాళ్ళు కూడా అలాగే అంటారా అని అడిగాను. నాకేదో మతి పోయినట్టు చూసింది. చూడదూ మరి! వచ్చాను అంటే వచ్చానే, అందులో ఆడేమిటి, మగేమిటి? తెలుగు కడుపున పుట్టినవాళ్ళం అలాగే అనుకుంటాం. అలాగే అనుకుని నేను భిలాయిలో నలుగురి ముందూ నిర్ఘాంతపోయాను.

అరవైల మొదట్లో సంగతి. నాన్నగారు ఉక్కు ప్లాంటులో ఇంజనీరు కావడంతో విజయనగరం నుంచి సెక్టార్ క్వార్టర్లోకి వచ్చి పడ్డాం. ప్లాంటు పనికి వచ్చిన రష్యన్లు ఎంతమందంటే, బజార్లో కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కూడా బంగాళాదుంపల్ని "కర్తోష్కా" అని కేకేసి అమ్మేవారు. మా అమ్మ మాత్రం హిందీ దగ్గరే తడబడుతూ ఉండేది. పక్కింటి దీదీతో "మై జాతా హూఁ" అనేది, నేను అక్కడే నిలదీసి, జాతీ హూఁ అనాలి, నువ్వేమైనా మగాడివా అని దులిపేసేదాన్ని. "వెళ్తన్నానని తెలిస్తే చాలదేటే? ఆడో మగో చూసుకోడానికి ఆవిడకి కళ్ళు లేవేటి?" అనేది అమ్మ. ఆ వాదన నాకు ఆనేది కాదు. నేను బి.ఏ. చదివినదాన్ని.

ప్లాంటు ఆసుపత్రిలో రష్యన్ ఇల్లాళ్ళకీ మన డాక్టర్లకీ మధ్య మాట కలపడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు. సాయంకాలం తరగతిలో రష్యన్ అక్షరాలూ, వ్యాకరణం కొంతా అప్పటికే నేర్చుకున్నాను కనుక, ఆ ఉద్యోగం నాదేనని తీర్మానించుకున్నాను. అది రాకపోతే విజయనగరం వెళ్ళి టీచరు ట్రైనింగులో చేరవలసిందేనని నాన్నగారు తేల్చేశారు. పుస్తకం రష్యన్ నోటికి రాదు, రష్యన్ల క్లబ్బులో వేసే సినిమాలు చూడమ్మా అని మేష్టారు సలహా ఇచ్చారు. ఆరుబయట తెల్లగుడ్డ కట్టి వేసేవారు. అన్నీ యుద్ధం సినిమాలే, కింద అక్షరాలు ఉండేవి కావు. వాటిలో ఒకటి మళ్ళీ మళ్ళీ వచ్చేది. మీసాల కెప్టెన్ ఒకడు మంచులో నడిచి వచ్చి, తలుపు నెట్టి, "యా ప్రిషోల్" అనేవాడు. వచ్చాను అని. అబ్బ, ఏం గొంతు! ఇంట్లో నేను అతని మాటలన్నీ అదే విరుపుతో బల్ల గుద్ది మరీ అప్పజెబుతూంటే, నాన్నగారు కుర్చీ వాల్చుకుని మురిసిపోయేవారు.

ఇంటర్వ్యూలో మన ఆఫీసర్లిద్దరూ, ఒక రష్యన్ డాక్టరమ్మా కూర్చున్నారు. ఎలా వచ్చావని ఆవిడ అడగడమే తడవు, ఛాతీ విరుచుకుని "యా ప్రిషోల్" అన్నాను. ఆవిడ మెల్లగా "ప్రిష్లా" అంది. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా "ప్రిషోల్" అన్నాను. ఆవిడ మళ్ళీ "ప్రిష్లా" అంది. ఊరుకుంటానా! మీ దేశపు సినిమాలోనే అలా అన్నారు, నా చెవులతో విన్నాను అని రష్యన్ లోనే పోట్లాటకి దిగాను. ఎవరన్నారని అడిగింది. కెప్టెన్ అన్నాను.

"కెప్టెన్‌కి మీసాలున్నాయి కదమ్మాయ్!"

ఆఫీసర్లు పగలబడి నవ్వారు. మగాడైతే ప్రిషోల్, ఆడదైతే ప్రిష్లా అని అప్పుడు తట్టింది. జాతా, జాతీ అని అమ్మని దులిపిన నోటితోనే నేను ఇన్నాళ్ళూ మగాడిలా మాట్లాడానా! ఆవిడ మాత్రం నవ్వలేదు. కెప్టెన్ పెళ్ళాం ఏమందో చెప్పు, అవి నీ మాటలు అంది. తలంతా గాలించాను. ఆవిడ రైలు వెంట పరిగెత్తింది, ఏడ్చింది, చెయ్యి ఊపింది. నోరు తెరిచింది కూడా, సరిగ్గా అప్పుడే బ్యాండు మోగింది. చూసిన సినిమాల్లో ఏ ఆడదాని మాటా ఒక్కటీ గుర్తు రాలేదు. మొదటి దెబ్బకంటే ఇది గట్టిగా తగిలింది.

ఆవిడ కాదనలేదు. ఇంకోసారి పిలుస్తాం, అందాకా సినిమాకి కాదు, మా వంటింటికి రా అంది. ఇంటికి వచ్చేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. గుమ్మంలో అమ్మ నిలబడి, "ఏటి కెప్టెన్ గారూ, వచ్చారా?" అంది.

ఆ వంటింట్లో బీట్‌రూట్ తరుగుతూ, మాడ్చాను, మర్చిపోయాను, అలిసిపోయాను, మా ఆయనతో దెబ్బలాడాను అనే మాటలన్నీ ఆడవాళ్ళ నోటి నుంచే, ఆడవాళ్ళు అనే తీరులోనే నేర్చుకున్నాను. రెండోసారి ఉద్యోగం ఇచ్చారు. రోజూ పొద్దున్నే ఆ డాక్టరమ్మ ఆసుపత్రి తలుపు నెట్టి, నా వంక చూసి, "ప్రిష్లా!" అని నవ్వేది. కొన్నేళ్ళకి వాళ్ళు ఒక్కో కుటుంబమే వెళ్ళిపోయారు. తర్వాత బజార్లో కర్తోష్కా కూడా మళ్ళీ ఆలూ అయిపోయింది.

నిన్న మా పిల్ల పుస్తకం పట్టుకుని పరిగెత్తుకు వచ్చి, "దొడ్డమ్మా, ఆడవాళ్ళయితే అర్రివాతా అనాలిట!" అని కళ్ళు ఇంతలు చేసుకుంది. సంతోషించాను. దానికి క్యాసెట్టు ఉంది, కావలసిన మాట దగ్గరికి వెనక్కి తిప్పుకోవచ్చు. నాకేమో ఆ మీసాలవాడి గొంతు ఇప్పటికీ, మంచు తొక్కుతున్న బూట్ల చప్పుడుతో సహా, చెవిలో ఖణేలుమంటుంది. డాక్టరమ్మ ముఖం గుర్తుంది, ఆవిడ అన్న మాట గుర్తుంది. ఆవిడ గొంతు మాత్రం, ఎంత గింజుకున్నా, గుర్తు రావడం లేదు. దాన్ని ఏ సినిమాలోనూ పట్టలేదు మరి.