లోపల గడియ లేని తలుపు

మా మేనత్త పోయింది. పుత్తూరు నుంచి ఫోను వచ్చేసరికి నేను తిరుపతి బస్టాండులో ఉన్నాను. నా నవల మొదటి భాగాన్ని ఒక వారపత్రికకు కొరియర్లో పంపి, ఆ సంగతి ఆమెకు చెబుదామని పుత్తూరు బస్సు కోసమే నిలబడ్డాను. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. ఏడుస్తూనే ఆ బస్సెక్కాను. నేను దిగేసరికి మావాళ్ళు కారణం కూడా తేల్చేశారు. ఇంటి దేవత పేరంటాలు కొట్టిందట.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. దుఃఖం కన్నా ముందు కోపమే వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. అరవై దాటిన మనిషి, గుండె జబ్బు మనిషి, పోయింది. ఆమె చావును తెచ్చి ఆమె మాట మీదే రువ్వుతామంటే నేను ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త మా నాయనకు చెల్లెలు. పెళ్ళయిన కొద్ది కాలానికే మామ పోతే, పుట్టింట్లో ఒక మూల కూర్చోకుండా పుత్తూరులో అద్దె పుస్తకాల అంగడి పెట్టింది. మీలో ఎవరైనా తొంభైల్లో చెయ్యి విరిగి పుత్తూరు కట్టు కోసం వచ్చి ఉంటే ఆ అంగడి చూసే ఉంటారు. కట్టు కట్టించుకున్నవాళ్ళు బస్సు వచ్చేదాకా ఆమె బల్ల మీద కూర్చునేవాళ్ళు. చేతులకు కట్లు కాబట్టి పేజీలు తిప్పేది వెంట వచ్చినవాళ్ళే. మొగుడి విరిగిన చెయ్యి చూసి కాకుండా, నవల్లో చచ్చిపోయిన పిల్ల కోసం కళ్ళు తుడుచుకున్న ఆడవాళ్ళను నేను ఆ బల్ల మీద చూశాను.

పుస్తకం ఇవ్వడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. అట్ట మీది బొమ్మ చూసి ఎవరూ తీసుకోకూడదు. తనే మొదటి నాలుగు వాక్యాలు పైకి చదివి, టక్కున మూసేసి, ఎదుటి మనిషి ముఖం చూసేది. "తరువాతేమైంది?" అని అడిగితే పుస్తకం చేతిలో పెట్టేది. అడగకపోతే ఇంకొకటి తీసేది. "అడగనోళ్ళకు పుస్తకమిస్తే చెవిటోడి ముందర శంఖమూదినట్టే పాపా" అనేది నాతో. దెయ్యాల నవలలంటే ఆమెకు ప్రాణం. దెయ్యాలంటే మాత్రం లెక్కే లేదు.

కార్వేటినగరంలో మా పెద్దనాయన ఇంట్లో మూసిన గది ఒకటి ఉంది. జమీందార్ల కాలంలో మా ఇంటికి వచ్చిన ఒక చిన్న కోడలు అందులోకి వెళ్ళి, తనే తలుపేసుకుని, తపస్సు చేసి దేవతైందని మా ఇంటి కథ. ఆమే మా పేరంటాలు. ఏటా ఆ తలుపు ముందు దీపం వెలిగించి, కొత్త చీర పెట్టి మొక్కి, ఆ చీరను ఇంటి ఆడపిల్ల ఒకరికి కట్టబెడతారు. గది మాత్రం తెరవరు. అత్తకు చీర రావలసిన ఏడే మామ పోయాడు కాబట్టి అది ఆమెను దాటి వేరే వాళ్ళకు వెళ్ళిపోయింది. "సీర రాకుంటే పోనీ, నాకు కండ్లుండాయి గదా" అనేది.

ఆ కళ్ళతో చిన్నప్పుడు ఆమె ఒకటి చూసింది. మిద్దె కారుతోందని ఒకసారి మేస్త్రీల కోసం ఆ గది తెరిచారట. వద్దంటున్నా ఆమె లోపలికి దూరింది. తలుపుకు గడియ బయట ఉంది, లోపల లేదు. ఒకప్పుడు ఉండి ఊడిపోయిందనుకోవడానికి మేకు బెజ్జమైనా లేదు. లోపల గడియే లేకపోతే ఆయమ్మ తలుపెట్లా వేసుకుందని అడిగితే, మా అవ్వ అరచేత్తో ఆమె నోరు మూసిందట.

ఆ ప్రశ్నే నా నవల. అది రెండు కాలాల్లో నడుస్తుంది. ఒకటి ఆ చిన్న కోడలిది, రెండోది ఆమె పేరిట పెట్టిన చీర కట్టుకున్న ఈ కాలపు పిల్లది. మొదట నేను ఎత్తుకున్న తీరు వేరు. పాడుపడిన ప్యాలెస్, ఉరుములు, గోడ మీద గుడ్లగూబ. అత్త మొత్తం వినింది గానీ తరువాతేమైందని అడగలేదు. "ఈ గుడ్లగూబ ఎవురిది పాపా? మనింట్లో లేదే" అంది. రెండు కాలాలు కలిపితే చదివేవాళ్ళు తికమక పడతారేమోనని నేను నసిగాను.

"కాలాలు రెండైతే ఏమి, తలుపు ఒకటే గదా. ఆడనుంచే మొదలుపెట్టు" అంది. అక్కడి నుంచే పెట్టాను.

ఈ సంగతి చెవిన పడి పెద్దనాయన నన్ను పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు, నాకు సైకిలు నేర్పినవాడు. కానీ ఇంటి దేవతను కథల్లోకి ఈడిస్తే వంశానికి కీడన్నాడు. గడియ మాట తీసేయాలని, లేకపోతే మళ్ళీ తన గడప తొక్కవద్దని చెప్పాడు. నేను సగం మెత్తబడ్డాను. నాతో వచ్చిన అత్త మెత్తబడలేదు.

"ఆయమ్మకు కోపమొస్తే నన్ను కొట్టమను అన్నా. సూసినదాన్ని నేను, చెప్పినదాన్ని నేను. రాసేదాని జోలికి మీరు రావద్దండి" అంది. తిరుగు బస్సులో నాకూ చీవాట్లు పడ్డాయి. ఆ ఒక్క మాట తీసేస్తే మిగిలేది ఉప్పులేని సంగటేనంది. నెల తిరక్కుండానే ఆమె పోయింది. ఇక మావాళ్ళకు వేరే రుజువెందుకు?

పిల్లలు లేని మనిషి కాబట్టి కర్మంత్రం పుట్టింట్లోనే, ఆ గది ఉన్న ఇంట్లోనే చేశారు. రావద్దన్న గడపే అయినా నేను తొక్కాను. భోజనాలయ్యాక పందిట్లో కూర్చుని ఆమె గురించి తలా ఒక మాట అన్నారు. ఓర్పు గల మనిషన్నారు, నోట్లో నాలుక లేని మనిషన్నారు. పుస్తకం ఆలస్యంగా తెచ్చి ఆమె చేత తిట్లు తిన్న పుత్తూరు వాళ్ళు వింటే పడీ పడీ నవ్వేవాళ్ళు. నేను లేచి సంచిలోంచి కాగితం తీశాను.

"ఈ పొద్దన్నా గమ్మునుండు పాపా" అన్నాడు పెద్దనాయన. ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది. ఆయన మీద జాలేసింది, అయినా నేను గమ్మునుండలేదు. అత్త పద్ధతిలోనే మొదటి నాలుగు వాక్యాలు పైకి చదివాను. మీకూ చదువుతున్నాను.

"ఆ తలుపుకు లోపలి వైపు గడియ లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, బయట గడియ వేసిన మనిషి, లోపల చీకట్లో తలుపంతా తడుముకున్న పిల్ల. నూరేళ్ళ తర్వాత, ఆ పిల్ల పేరిట పెట్టిన చీర కట్టుకుని నేను అదే తలుపు ముందు నిలబడ్డాను. దీపం రెపరెపలాడలేదు, గాలి వీచలేదు, లోపలి నుంచి ఎవరో అరచేత్తో తలుపును తడుముతున్న చప్పుడు మాత్రం వినబడింది."

టక్కున కాగితం మడిచాను. పందిట్లో ఉన్నవాళ్ళ ముఖాలు చూశాను. పెద్దనాయన భార్య, మా పెద్దమ్మ, వంటింటి వాకిట్లో నిలబడి వింటోంది. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఏటా ఆ తలుపు ముందు దీపం పెడుతున్నది ఆమే. ఈ గొడవంతటిలో ఇంతవరకు ఒక్క మాట కూడా అనలేదు.

"తరువాతేమైంది పాపా?" అని మెల్లగా అడిగింది.

అడిగినవాళ్ళ చేతిలో పెట్టాలి కదా. వెళ్ళి ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని బొడ్లో దోపుకుని, అక్కడే ఉన్న తాళాల గుత్తి బయటికి తీసింది. పెద్దనాయన "ఏమే, యాడికి?" అన్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. గడియ లాగిన చప్పుడుకు పందిట్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేను పరుగున వెళ్ళేసరికి పెద్దమ్మ గది లోపల నిలబడి, తలుపు లోపలి వైపును రెండు అరచేతులతో పైనుంచి కిందిదాకా తడుముతూ ఉంది.