రెండు డ్రమ్ముల దేవుడి బియ్యం

నా చిన్నప్పుడు, మద్రాసు వ్యాసర్పాడిలో మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు మా అమ్మ ఓ గుప్పెడు తీసి పక్కనున్న పాలడబ్బాలో వేసేది. అది దేవుడి బియ్యం. ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ గుప్పెడు మాత్రం తప్పేది కాదు. ఆదివారం ఆ డబ్బా మా గుడికి, అంటే చర్చికి, తీసుకెళ్ళి, మూలనున్న పెద్ద రేకు డ్రమ్ములో పోసేవాళ్ళం. మూడు నెలలకోసారి ఆ బియ్యంతోనే సంఘమంతటికీ ప్రేమవిందు జరిగేది. ఆ గుడి తాళం మా అవ్వ దగ్గర ఉండేది. మా నాన్నకు అమ్మ ఆమె. గుడి కట్టినప్పుడు తాతతో కలిసి ఇసుక మోసిన మనిషి. తాత పోయాక ఊడవడం, చాపలు పరవడం అన్నీ తనే చూసుకునేది. నేను గొప్పలు చెప్పుకునేదాన్ని కాదు గానీ, మా అవ్వ సంగతి వస్తే మాత్రం ఆగను.

మేమంతా ఎన్నో తరాల కిందట వచ్చి అక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళం. మగవాళ్ళు ఎక్కువమంది పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళు. తొంభైల మొదట్లో కావలి వైపు నుంచి కట్టడం పనులకు కొన్ని కుటుంబాలు వచ్చి మా సంఘంలో చేరాయి. వాళ్ళు డోలక్ వాయిస్తూ, చప్పట్లు కొడుతూ గుడి దద్దరిల్లేలా పాడేవాళ్ళు. మావాళ్ళకేమో హార్మోనియం మీద నిదానంగా సాగదీస్తేనే భక్తి. వాళ్ళ ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు, మావాళ్ళు పండుగకు మెడ నిండా వేసుకొస్తారు. మొదట్లో పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అనుకున్నారు. తర్వాత ముఖాన్నే అనుకున్నారు.

చివరికి గొడవ బియ్యం దగ్గరికొచ్చింది. మావి రేషన్ షాపు ఉప్పుడు బియ్యం, వాళ్ళవి పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం ఉడకడానికి చాలాసేపు పడుతుంది. రెండూ ఒకే డ్రమ్ములో పడి, ఒకే గిన్నెలో ఉడికేసరికి ఓసారి విందులో అన్నం సగం జావ, సగం పలుకు అయింది. ఇంకేముంది, ఒంటికాలి మీద లేచారు. రెండు డ్రమ్ములు పెట్టారు. రెండు పొయ్యిలు, రెండు పంక్తులు అన్నారు. వచ్చే విందు అయిపోగానే కావలివాళ్ళు వేరే షెడ్డు చూసుకొని సొంతంగా ఆరాధన పెట్టుకుంటారని కబురొచ్చింది. మా పాస్టరయ్య మెత్తని మనిషి, ఇద్దరికీ చెప్పలేక నలిగిపోయాడు. అవ్వకైతే రెండు రోజులు అన్నం దిగలేదు. తను ఇసుక మోసి నిలబెట్టిన గుడిలో సగంమంది లేచిపోతుంటే చూడలేనని అమ్మతో చెప్పుకొని ఏడ్చింది.

విందు ఆదివారం. శనివారం పొద్దున్నే ఆడవాళ్ళు బియ్యం కొలవడానికి వచ్చి మూతలు తీశారు. రెండు డ్రమ్ముల్లోనూ తెల్లటి పచ్చి బియ్యమూ లేత పసుపురంగు ఉప్పుడు బియ్యమూ చక్కగా కలిసిపోయి ఉన్నాయి! కావలివాళ్ళకు పెద్దదిక్కైన ఆమెను మేమంతా కావలి అక్క అనేవాళ్ళం. ఆమె నడుముకు కొంగు బిగించింది. "ఏందిది? మమ్మల్ని ఎగతాళి చేసేదానికి కలిపినారా?" అంది. మా సంఘ పెద్ద భార్య తక్కువదా? "మేమెందుకు కలపతాం అమ్మా? మా బియ్యం గూడా పాడైపోలా ఈడ?" అంది. ఎవరి పనై ఉంటుందని అందరూ చుట్టూ చూశారు. తాళం అవ్వది, అవ్వ తోక నేను. పిల్ల ఆడుకుంటూ కలిపేసిందని తేల్చేశారు. మా అమ్మ అందరి ముందూ నా వీపు మీద రెండు దరువులు వేసింది. నాకప్పుడు పదేళ్ళు. నేను కాదు మొర్రో అంటే వినేదెవరు? నా వైపు ఒక మాట చెబుతుందని అవ్వను చూశాను. ఆమె ముఖం తిప్పుకుంది. ఆ దెబ్బల కన్నా అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

పంతం ఎక్కువైన నలుగురు చేటలు తెచ్చుకొని, ఇటు ఇద్దరు అటు ఇద్దరు కూర్చొని, తమ బియ్యం తాము ఏరుకోవడం మొదలుపెట్టారు. అర మూట బియ్యం! అవ్వ చీపురు గోడకానించి వచ్చి చూసింది. "ఏరండి అమ్మా, ఏరండి. వచ్చే క్రిస్మస్‌కి అయిపోతాది" అంది. ముందు నవ్వింది కావలి అక్కే. అది చూసి నవ్వు ఆపుకోలేక సంఘ పెద్ద భార్య చేట జారవిడిచింది, ఏరిన కాస్తా మళ్ళీ కలిసిపోయింది. అప్పుడు అవ్వ, ఇడ్లీకి మన ఇళ్ళలో రెండు రకాల బియ్యమూ కలిపే కదా నానేస్తాం, నానబెట్టండి, రేపు ఇడ్లీ పెడదాం అంది. "మా పక్క ఇడ్లీకి రవ్వ పోస్తాం అవ్వా" అంది కావలి అక్క. "ఈడి ఇడ్లీ తిని చూడు, ఆ రవ్వ సంగతి మరిచిపోతావు" అంది అవ్వ. ఇంటింటికీ తిరిగి మినప్పప్పు అడిగి తెచ్చారు.

సాయంత్రానికి ఆ వీధిలో రుబ్బురోలున్న ప్రతి గడపలోనూ ఇద్దరేసి ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె పొత్రం తిప్పితే ఇంకొకామె పిండి తోయాలి. అంత పిండి ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు కాబట్టి, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో పట్టించుకునే తీరిక లేదు. కావలివాళ్ళు పాట ఎత్తుకున్నారు. చేతుల నిండా పిండి, చప్పట్లెలా కొడతారు? పాట పొత్రంతో పాటు నిదానంగా తిరిగింది. మావాళ్ళు కూడా గొంతు కలిపారు. నేను మాత్రం అలిగి ఓ మూల కూర్చున్నాను. అవ్వ రెండుసార్లు పిలిచినా పలకలేదు.

ఆదివారం ఆరాధనలో ప్రభు బల్ల ఉంది, యేసును తలుచుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం. రొట్టె పంచే ముందు పాస్టరయ్య ఎప్పటిలాగే, ఎవరిమీద ఎవరికి ఏ తప్పున్నా సరిచేసుకొని రండి అన్నాడు. అది ప్రతిసారీ చెప్పే మాటే, ఎవరూ కదలరు. ఆ రోజు మా అవ్వ లేచి నిలబడింది. "ఆ బియ్యం కలిపింది నేను. పిల్లను నీళ్ళకు పంపించి నేనే కలిపినా. మీరు విడిపోతా ఉంటే చూడలేక కలిపినా. పిల్ల దెబ్బలు తింటా ఉంటే నోరు మూసుకున్నా. అది ఇంకా పెద్ద తప్పు" అంది. మా సంఘ పెద్ద వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, కట్టుబాటంటే కట్టుబాటే. "వదినా, సంఘాన్ని మోసం చేసినోళ్ళు బల్లకు దూరం. నీకు తెలవందేం కాదు" అన్నాడు, తల దించుకొని. అవ్వ కొంగు సర్దుకుంది. వెళ్ళి గుమ్మం పక్కన చివరి చాప మీద కూర్చుంది. కోపమున్నా నా కాళ్ళు ఆగలేదు, నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

రొట్టె పళ్ళెం కావలి అక్క దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి చాచలేదు. లేచి గుడి పొడవునా నడిచొచ్చి అవ్వ పక్కన చతికిలబడింది. "అవ్వకు లేంది నాకొద్దు" అంది. తర్వాత లేచింది ఎవరనుకున్నారు? సంఘ పెద్ద భార్య! ఆ వెనక ఇటువాళ్ళూ అటువాళ్ళూ. నగలున్న మెడలూ లేని మెడలూ అన్నీ ఆ చివరి చాపల మీదికే వచ్చేశాయి. ఆడవాళ్ళ వైపు ముందంతా ఖాళీ.

ఆ పెద్దాయన పళ్ళెం పట్టుకొని అక్కడిదాకా వచ్చాడు. మోకాళ్ళ నొప్పి మనిషి, కష్టపడి అవ్వ ముందు కింద కూర్చున్నాడు. "ముందు నువ్వు తీసుకో వదినా. ఈ కావలోళ్ళని నేను గూడా శానా మాటలన్నా. ఆ లెక్కన నేనూ దూరమే" అన్నాడు. పాస్టరయ్య కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు. అవ్వ మాత్రం చెయ్యి చాచలేదు. నా వైపు తిరిగి, "ముందు ఇది సరే అననీ" అంది.

గుడి గుడంతా నా నోటివంక చూసింది. ముక్కు తుడుచుకున్నాను. "సరే అవ్వా. ఇంకోసారి నన్ను కొట్టిస్తే మాత్రం ఊరుకోను" అన్నాను. అందరూ ఏడుస్తూనే నవ్వారు. అప్పుడు రొట్టె తీసుకుంది మా అవ్వ.

కావలివాళ్ళు షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు. అలాగని పాటల గొడవ తీరిందనుకోకండి. ఒక వారం డోలక్ ఎక్కువైందని వీళ్ళు, ఒక వారం హార్మోనియం నిద్రపుచ్చిందని వాళ్ళు దెప్పుకుంటూనే ఉన్నారు. కానీ దెప్పుకున్నదంతా ఒకే గుడిలో కూర్చొని దెప్పుకున్నారు.

ఆ ఇడ్లీల తెలివి గురించి ఇప్పటికీ మావాళ్ళు చెప్పుకొని నవ్వుకుంటారు. నాకైతే ఆ తెలివి కన్నా ఆదివారం ఆమె లేచి నిలబడటమే గొప్ప. అప్పటికే అందరూ కలిసిపోయారు, ఇడ్లీ పిండి పొంగింది, ఇక ఎవరూ అడగరు. కావాలంటే నోరు మూసుకొనే ఉండొచ్చు. పదేళ్ళ పిల్ల కోసం ఆమె అలా ఉండలేకపోయింది. ఈమధ్య మా స్త్రీల సమాజంలో పిల్లలకు తెలుగు అర్థం కావట్లేదు, ఆరాధన తమిళంలో జరగాలని తల్లులూ, తెలుగులోనే జరగాలని మేమూ తగువుపడ్డాం. ఆ పట్టుదలలో ఓ కోడలిపిల్లను నేను పదిమందిలో చులకన చేసి మాట్లాడాను. తర్వాతి ఆదివారం ప్రభు బల్ల ముందు పాస్టరుగారు, తప్పులు సరిచేసుకొని రండన్న ఆ పాత మాటే చెప్పి, ఎప్పటిలాగే కాసేపు ఆగారు. ఎవరూ కదల్లేదు. అయినా నేను మా అవ్వ మనవరాలిని, లేచి నిలబడ్డాను.