కార్జంలోని నీటిబుడగలు

లింగాల ఘనపూర్‌లో ఆదివారం గొర్రెను కోసి మాంసం వాటాలుగా పోగులు వేయాలంటే యాకయ్యే రావాలి. మాంసం చూసి గొర్రె ఎవరి మందదో చెప్పగలడని ఊళ్లో నమ్మకం. అది వేరే కథ. కాలి బొటనవేలితో డెక్కను తొక్కిపట్టి తోలు ఒలిచే ఆ మనిషి, గొర్రె కార్జంలో, అంటే కాలేయంలో, నీటిబుడగలు కనబడితే ఆ ముక్కను ముప్పై ఏళ్లుగా కుక్కలకే విసిరాడు; మనుషులు తినరానిది మూగజీవానికైనా దక్కనీ అన్న దయ అది. ఆ ముక్కల్లోని పురుగే కుక్కల కడుపున పెరిగి, గుడ్లు పెట్టి, ఆ గుడ్లు కుక్కల నుంచి మనిషి నోట్లోకి చేరి, యాకయ్య భార్య వనజ కార్జంలో కొబ్బరికాయంత నీటిగడ్డ అయిందని మొన్న దవాఖానలో ఆమె కడుపు కోసిన డాక్టరు చెప్పాడు.

ఈ ఆదివారం బుడగల ముక్కను పూడ్చడానికి యాకయ్య గడ్డపార పట్టాడు. పెంపుడు కుక్కతో నిలబడ్డ మధుకర్ రెడ్డి నవ్వాడు. "ఏందిర యాకయ్యా, కుక్క నోటికాడి ముక్కకు గోరీ కడుతున్నవా? జల్ది దీనికెయ్యి, పోగులకు లేటయితాంది."

యాకయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "ఎయ్యమంటే ఏస్త, పటేలా! పురుగు దీని కడుపుల పెరుగుతది. గదే మూతితోని నీ మనుమరాలి చెంప నాకుతది. గప్పుడు ఆ పిల్ల కడుపు కోయిస్తవా? మా వనజ కడుపు మీది కుట్లు జర వచ్చి సూడు!"

మధుకర్ రెడ్డి గొలుసును చేతికి రెండు చుట్లు చుట్టి కుక్కను వెనక్కి లాగాడు. గుంత మోకాలి లోతు దాటినా యాకయ్య ఆపలేదు. ప్రతి పోటూ ముప్పై ఏళ్లు ఆ ముక్కలు విసిరిన తన చేతికే తగలాలన్నట్టు తవ్వుతూనే ఉన్నాడు.