గేట్లెత్తిన రోజు

ఆ రోజు కోనసీమ మొత్తం మీద కాలువకి నీళ్ళు రాకూడదని కోరుకున్నది ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండో ఆయన కాలువలో ఆగిపోయిన ఓ మట్టి తవ్వే పొక్లెయిన్ ఓనరు. మిగతా జనమంతా సార్వా పంటకి విత్తనాలు నానబెట్టుకుని, నారుమళ్ళు దున్నుకుని, నీళ్ళెప్పుడొస్తాయా అని గట్ల మీద నిలబడి చూస్తున్నారు.

రావులపాలెం హైవే పక్కన నాకో డీజిల్ మెకానిక్ షెడ్డు ఉంది. లారీలు, టిప్పర్లు, వరికోత మిషన్లు, పొక్లెయిన్లు, డీజిల్ తాగేది ఏదైనా సరే, బాగుచేస్తాను. నాకు కుదురు తక్కువ. అన్నం ముందు కూర్చున్నా ఒక కాలు గుమ్మం వైపే ఉంటుంది. "కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు, మెతుకు గొంతు దిగనివ్వండి" అంటుంది మా ఆవిడ. ఏం చెయ్యను? ఆగిపోయిన ఇంజను ఎక్కడో ఉందని తెలిస్తే నాకు తిన్నది అరగదు. అది మళ్ళీ మోగేదాకా నాకు నిద్ర ఉండదు, పక్కవాళ్ళని పడుకోనివ్వను.

ఎండాకాలంలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. ఆ కొద్ది రోజుల్లోనే పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క పీకాలి, గట్లు సరిచెయ్యాలి. ఆ ఓనరు బండి ఆ పనికే మా ఊరి దిగువన పంట కాలువలో దిగింది. ఆయనది అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డు. తాతల నాటి నుంచీ వేట మీద బతికిన కుటుంబం. వేటలో చేపలు తగ్గిపోతున్నాయని పడవ, వలలు అమ్మేసి ఈ పాత పొక్లెయిన్ కొన్నాడు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క బండి మీదే ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు కాబట్టి బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను మేస్త్రీ గారనేవాడు.

పని ఆఖరి రోజు, ఇక బండి గట్టెక్కించడమే మిగిలిందనగా ఎడమవైపు చైను జారిపోయింది. పొక్లెయిన్ కి టైర్లుండవు, రెండు పక్కలా ఇనప చైన్లు ఉంటాయి. ఆ చైను బిగువుగా ఉండాలంటే లోపల ఒక సిలిండరులో గ్రీజు నిండుగా ఉండాలి. దాని రబ్బరు సీలు చిరిగి గ్రీజంతా కారిపోయింది. బిగువు పోయిన చైను ఊడి బురదలో పడింది. ఇంజను నిక్షేపంలా ఉంది, బకెట్టు లేస్తోంది, చుట్టూ తిరుగుతోంది, కానీ బండి ఒక్క అడుగు కదలదు.

నేను వెళ్ళేసరికి ఆయన నిమ్మకు నీరెత్తినట్టు చైను మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటి బాబాయ్, అలా కూర్చున్నారు?"

"మీరొత్తారని కూర్చున్నానండి. పడవైతే ఈపాటికి నేనే చూసుకుందును. దీని జబ్బు నాకేం తెలుత్తదండి?"

రాజమండ్రి షాపుకి ఫోన్ చేశాను. సీలు ఉందన్నారు, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతామన్నారు. క్రేను కోసం ఫోన్ చేస్తే రేపు పొద్దున్న అన్నారు. సరే అనుకుంటుండగానే గోరుచుట్టు మీద రోకటిపోటులా లస్కరు మోటారు సైకిలు మీద వచ్చాడు. కాలువల మీద తూములు చూసుకునే మనిషి ఆయన.

"బొబ్బర్లంకలో కాలువ గేట్లెత్తేశారండీ. మధ్యాన్నానికల్లా ఇక్కడికొచ్చేత్తాయి నీళ్ళు. ఇంకా బండి తియ్యలేదేంటండీ?"

"కాసేపు ఆపించలేరా?" అన్నాను.

"ఎవరిని ఆపమంటారండీ? శివారు రైతులు మొలకలొచ్చిన విత్తనాలతో కూర్చున్నారు. నన్ను బతకనిస్తారా?"

ఆయన మాటా నిజమే. పోనీ బకెట్టుతో గట్టుని పట్టుకుని బండిని పైకి లాక్కుందామా అంటే దానికీ ఒప్పుకోలేదు. గట్టు తెగితే నీళ్ళు ఊళ్ళో పడతాయి.

అప్పుడు ఓనరు లేచాడు. బీడీ పారేసి, బండెక్కి, బకెట్టుతో చుట్టూ ఉన్న మట్టిని తవ్వి తన చుట్టూ తానే గట్టు వేసుకోవడం మొదలుపెట్టాడు. బండి కదల్లేకపోయినా నడుము తిప్పగలదు కదా. చేలో మడి కట్టినట్టు గుండ్రంగా, నడుం ఎత్తున, కాలువలో ఒక పక్కగా నీళ్ళు పోవడానికి దారి వదిలి కట్టాడు. నాకా ఊహే తట్టలేదు. నాకు ఆశ పుట్టింది. ఆశ పుడితే నేను అసలే ఆగను.

బస్సు వచ్చేదాకా రావులపాలెం సెంటర్లో నిలబడలేక నాలుగు సార్లు అటూ ఇటూ మోటారు సైకిలేసుకుని తిరిగాను. సీలు చేతికొచ్చాక పరుగున వచ్చి సిలిండరు విప్పాను. ఈలోగా నీళ్ళొచ్చాయి. ముందు నురగ, చెత్త, ఎండిన గుర్రపుడెక్క తోసుకుంటూ పల్చగా వచ్చాయి. గట్టు మీద ఆడవాళ్ళు పసుపు కుంకుమ వేసి దణ్ణాలు పెట్టారు. నేను మాత్రం ఆ నీళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ సీలు ఎక్కించాను.

ఆ తర్వాత చైను. ఆయన బకెట్టుని నేలకి అదిమి బండిని ఒక పక్కకి ఎత్తుతాడు. నేనూ, దిగి వచ్చిన నలుగురు రైతులూ గడ్డపారలతో చైనుని పళ్ళ చక్రం మీదికి తోస్తాం. ఎక్కినట్టే ఎక్కి, బురదలో మెలిపడి జారిపోతుంది. మళ్ళీ ఎత్తడం, మళ్ళీ తొయ్యడం. బయట నీళ్ళు పెరుగుతున్నాయి. ఆయన కట్టిన మట్టిగట్టు అడుగు నుంచి ఊట మొదలైంది. ముందు నా మడమలు తడిశాయి, తర్వాత పిక్కలు. ఒకచోట గట్టు మెత్తబడి కొంచెం కుంగింది. ఆయన బకెట్టుతో మట్టి వేసి పూడ్చాడు. ఇంకోచోట కుంగింది.

అప్పుడు నా చూపు ఇంజను మీదికి పోయింది. ఎందుకంటే నాకొక విషయం తెలుసు, ఆయనకి తెలియదు. నీళ్ళలో మునిగిన ఇంజనుని బతికించొచ్చు. నడుస్తూ నడుస్తూ నీళ్ళు మింగిన ఇంజనుని బతికించలేం. గాలిలా నీళ్ళు నొక్కితే అణగవు, లోపలి రాడ్లు వంగిపోతాయి, బ్లాకు పగులుతుంది. ముంచక తప్పదంటే ముందే ఆపి, గాలి పీల్చే చోటా, పొగ వదిలే చోటా, ఆయిలు పోసే చోటా గట్టిగా మూసేయాలి. వేడి సైలెన్సరు మీద ప్లాస్టిక్ కడితే కరిగిపోతుంది. చల్లారడానికి టైము కావాలి. అంటే చైను ఎక్కుతుందేమో అని ఇంకా అనిపిస్తుండగానే ఆపెయ్యాలి. ఒకసారి ఆపితే బండిని ఎత్తేదీ ఉండదు, చైను ఎక్కేదీ ఉండదు.

"బాబాయ్, ఇంజను ఆపండి" అన్నాను. ఎందుకో చెప్పాను.

"చైను ఎక్కడానికి జానెడే ఉందండి మేస్త్రీ గారూ. ఇంకొక్కసారి ఎత్తి చూద్దామండి."

ఎత్తాం. జారింది.

"ఇంకొక్కసారండి."

నాకూ అదే అనాలని ఉంది. చేతిలో గడ్డపార ఉంది, ఒంట్లో సత్తువ ఉంది, ఆ జానెడు నా కళ్ళకీ కనబడుతోంది. జీవితంలో ఆగిన ఇంజన్లని లేపడమే గాని, మోగుతున్నదాన్ని ఆపి చేతులు దులుపుకుని ఎరగను. గట్టు మూడోచోట కుంగింది. గడ్డపార అక్కడే వదిలేసి బండెక్కాను. క్యాబిన్లోకి వంగి, ఆయన చెయ్యి మీదుగా తాళం తిప్పేశాను.

అంత చప్పుడూ ఒక్కసారిగా పోయింది. నీళ్ళ చప్పుడే మిగిలింది. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకి నా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"సంపేశావు నా బండిని" అన్నాడు.

నాకు భయమేసింది. నా లెక్క తప్పితే ఆ మాట నిజమవుతుంది. బ్యాటరీలు విప్పి రైతుల భుజాల మీద గట్టు మీదికి పంపాను. రొయ్యల చెరువుల దగ్గర వాడే మందపాటి ప్లాస్టిక్ పట్టా ఎవరో తెచ్చిచ్చారు. ఎయిర్ ఫిల్టరు గొట్టానికి పట్టా చుట్టి ముడి వెయ్యబోతే నా గ్రీజు చేతుల్లో తాడు జారిపోయింది. ఆయన దగ్గరికొచ్చి తాడు లాక్కున్నాడు. పడవ మీద వేసే ముడులు వేశాడు. ఒక్కొక్కటీ లాగి, పంటితో బిగించి చూసుకున్నాడు. సైలెన్సరు చల్లారాక దానికీ కట్టాడు. నా మొహం చూడలేదు. ఆయన ఆఖరి ముడి వేస్తుండగా మట్టిగట్టు ఒక పక్క కూలి, నీళ్ళు లోపలికి వచ్చేశాయి. చీకటి పడేసరికి సీటు మునిగింది, తెల్లారేసరికి క్యాబిన్ మునిగింది.

ఆ తర్వాత రోజులు నాకెలా గడిచాయో నాకే తెలుసు. క్రేను వాళ్ళు వచ్చి, నిండు కాలువలో దిగలేమని వెళ్ళిపోయారు. షెడ్డులో లారీ విప్పితే లారీ మీద ధ్యాస ఉండదు. స్పానరు పక్కన పెట్టి కాలువ గట్టుకి వెళ్ళేవాణ్ణి. నీళ్ళ పైన బకెట్టు మోసే బూము ఒక్కటే మోచెయ్యిలా వంగి కనబడేది. ఆయన గట్టు మీదే ఉండేవాడు. నేను పక్కన నిలబడితే లేచి ఇంకో పక్కకి వెళ్ళి కూర్చునేవాడు. అది నాకు చాలా బాధగా ఉండేది, కోపంగా కూడా ఉండేది. మంచి చేశానో చెడు చేశానో తెలియకుండా ఒక మనిషి ఎన్నాళ్ళని తిరుగుతాడు?

నీళ్ళు వంతులవారీగా వదలడం మొదలుపెట్టాక మా కాలువ వంతు అయిపోయిన రోజున మట్టం దిగింది. క్రేను, ఇంకో పొక్లెయిన్ కలిసి బండిని గట్టు మీదికి లాగాయి. ఒళ్ళంతా ఒండ్రు, నాచు. ముడులు మాత్రం ఒక్కటీ ఊడలేదు. కోసి తియ్యాల్సి వచ్చింది.

ఇంజను అడుగున ఆయిలు బోల్టు విప్పడానికి పడుకున్నాను. లోపలికి నీళ్ళు పోయుంటే ఆయిలు తెల్లగా మజ్జిగలా వస్తుంది. ఆయన నా పక్కనే బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బోల్టు ఊడింది. ఆయిలు నల్లగా, చిక్కగా ధార కట్టింది. ఆయన దాని కింద చెయ్యి పెట్టి, అరచేతిలో పట్టి ఎండలోకి తిప్పి చూసుకున్నాడు.

"నల్లగానే ఉందండి మేస్త్రీ గారూ" అన్నాడు. అన్నాళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

కొత్త ఆయిలు పోశాం. డీజిలు మార్చాం, బ్యాటరీలు బిగించాం. తాళం తిప్పకముందే గడ్డపారతో ఇంజనుని ఒక చుట్టు తిప్పి చూశాను, ఎక్కడా పట్టెయ్యలేదు. ఎందుకైనా మంచిది, ఐదు నిమిషాలు నడిపి ఆపెయ్యాలి, ఆ ఆయిలూ మార్చేసి మళ్ళీ నడుపుదాం అని ముందే చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఎక్కి కూర్చున్నాడు. మొదట తెల్లటి పొగ కక్కింది, రెండు సార్లు దగ్గింది, అందుకుంది.

ఐదు నిమిషాలయింది. పదయింది. నేను క్యాబిన్ దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, ఇంక ఆపండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, రెండు అరచేతులూ తాళం మీద కప్పేశాడు. ఈసారి నేను చెయ్యి చాపలేదు.