నలభై రెండు మీటర్ల జెండా కర్ర

2023 వేసవికి కొంచెం ముందు. ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో మా ఆఫీసు. రీడింగ్‌కు సముద్రం లేదు. అందుకే కాబోలు, సముద్రం మీద ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలో తేల్చే పని మాకు అప్పగించారు.

పడవల్లో వాడే మెరైన్ వీహెచ్ఎఫ్ రేడియోలో ఛానల్ 16 ఆపదలకూ, తొలి పిలుపుకూ. కబుర్లకు అక్కడ చోటు లేదు కనుక హార్బర్లకూ క్లబ్బులకూ వేరే ఛానళ్లు ఇస్తాం. ఉన్నవి కొన్నే కాబట్టి, దూరదూరంగా ఉన్న ఇద్దరికి ఒకే ఛానల్ పంచుతాం. ఒకరి మాట ఇంకొకరికి అడ్డు రాకుండా యాంటెన్నా ఎత్తూ, పవరూ చూసి సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది.

ఒక బుధవారం అది నైరుతి తీరంలోని ఓ చిన్న సెయిలింగ్ క్లబ్బు దరఖాస్తును కాదంది. కొండ అవతలి హార్బర్‌కు అడ్డొస్తారట. నేను పెద్దగా ఆలోచించకుండా తిరస్కరణ పంపేశాను. గంటలో ఫోన్ వచ్చింది. చేసింది క్లబ్బు సెక్రటరీ డాక్టర్ పద్మ. ఆ ఊరి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ కూడా ఆవిడే.

“పేరు చూసి చేశాను. తెలుగువాళ్లేనా బాబూ?”

“అవునండీ, వరంగల్.”

“మాది కాకినాడ. శనివారం పన్నెండు మంది పిల్లలకి పడవ క్లాసు మొదలు. గాలి పెరిగితే సేఫ్టీ బోటుకి ఎలా చెప్పమంటారు? ఒడ్డున నిలబడి చెయ్యి ఊపమంటారా? రేడియో లేకపోతే క్లాసే లేదు.”

“మీ యాంటెన్నా మరీ ఎత్తుంది ఆంటీ. నలభై రెండు మీటర్లు. మీ ఊరి కౌన్సిల్ ఎట్ల ఒప్పుకున్నది?”

“మా జెండా కర్రకి కట్టాం నాయనా. ఎనిమిదుంటుందేమో.”

“ఫారంలో నలభై రెండని ఉన్నది.”

“అది నీళ్ల మీంచి! క్లబ్బు కొండ వాలు మీదుంది కదా. పడవలవాళ్లం, ఎత్తంటే నీళ్ల మీంచే కొలుస్తాం. మీరు దేన్నుంచి కొలుస్తారు, ఆఫీసు కుర్చీలోంచా?”

మేం నేల నుంచి కొలుస్తాం. కొండ ఎత్తు సాఫ్ట్‌వేర్‌కు ముందే తెలుసు. దాన్ని ఇంకోసారి కలిపేసింది. దాని లెక్కలో ఆ క్లబ్బు మబ్బుల్లోంచి మాట్లాడుతోంది. ఫారంలో ‘యాంటెన్నా ఎత్తు’ అని మాత్రమే ఉంది, ఎక్కడి నుంచో లేదు. ఆ ప్రశ్న రాసిన మహానుభావుడెవరని వాకబు చేయనక్కర్లేకపోయింది. నేనే.

ఎనిమిది వేసి మళ్లీ లెక్క కట్టిస్తే, మధ్యలో కొండే అడ్డు నిలిచింది. హార్బర్‌కు ఏ ఇబ్బందీ లేదు. గురువారం లైసెన్సు వెళ్లింది. ఫారంలో ‘నేల నుంచి’ అని రెండు మాటలు చేరాయి.

శనివారం సాయంత్రం ఆంటీ మెసేజ్ పెట్టారు: “మధ్యాహ్నం గాలి లేచింది. ఒక్క పిలుపుకే బోటువాళ్లకి వినబడింది. పన్నెండు మందీ ఒడ్డుకి చేరారు. ఇంకో రౌండ్ కావాలని ఒకటే గోల.”

అప్పటి నుంచి ఎవరికైనా కాదనే ముందు ఫోన్ చేసి, ఆ అంకె ఎక్కణ్నుంచి కొలిచారని అడుగుతున్నాను. దీనివల్ల నా పని నెమ్మదించిందని మా మేనేజర్ అంటాడు. నిజమే. తిరస్కరణలూ నెమ్మదించాయి.